గోళంలో రెండో మచ్చ

ఆ ల్యాబ్‌లో ఆమెకు ఉద్యోగం ఇప్పించింది బావే. అక్క పెళ్లయిన దగ్గర్నుంచీ బావంటే కొండంత ధైర్యం. "నా కుర్చీయే నీకిచ్చేస్తున్నా మరదలా, నేను పై అంతస్తుకి పోతున్నా" అని నవ్వుతూ తాళాలు చేతిలో పెట్టాడు. పొంగిపోయింది పిచ్చిది.

పని మరీ కష్టమేం కాదు. బల్ల మీద నున్నటి స్టీలు గోళాలు రెండు. వాటి వంపులో గది మొత్తం ఒదిగి కనిపిస్తుంది: కిటికీ, బీరువా, కెమెరా, కెమెరా వెనక కూర్చున్న మనిషి. గోళాల్ని ఫొటో తీస్తే, రెండింటిలోని ప్రతిబింబాలను పోల్చి, ఏది ఎంత దూరంలో ఉందో కంప్యూటర్ లెక్కగడుతుంది. మనిషి కదలకుండా ఉండడు కాబట్టి, ఫొటోలో ఆ చోట నల్ల మచ్చ వేసి లెక్కలోంచి తప్పిస్తారు. ఆ మచ్చలు బావ ఎప్పుడో వేసిపెట్టాడు. వాటిని ముట్టుకోవద్దని ఒకటికి పదిసార్లు చెప్పాడు.

ఆ సాయంత్రం లెక్క ఎంతకీ కుదరలేదు. బయట ముసురు. ఏసీలోంచి తడి గుడ్డ వాసన. విసుగొచ్చి తెర మీద మచ్చల్ని పెద్దవి చేసి చూసింది. ఒక్కో గోళంలో రెండేసి ఉన్నాయి. కుర్చీలో ఒకటి... కుర్చీ వెనక, నిలువుగా, ఇంకొకటి.

ఇక్కడ పనిచేసేది ఎప్పుడూ ఒక్కరే కదా?

రెండోదాన్ని చెరిపేసి మళ్లీ ఫొటో తీసింది. చిక్కంతా అక్కడే ఉన్నట్టు లెక్క ఇట్టే కుదిరింది. తెర మీద, ఆమె భుజం వెనక మూరెడు దూరంలో, ఎవరో నిలబడి ఉన్నారు.

గిరుక్కున తిరిగింది. గోడ. అంతే.

బావకి ఫోన్ చేసింది.

"బావా... నా వెనక... ఎవరు?"



"చెరిపేశావా?" అన్నాడు మెల్లగా. "ముట్టుకోవద్దని చెప్పాను కదమ్మా."

"మీకు తెలుసా? తెలిసే కూర్చోబెట్టారా?"

"ఇంకొకరు కూర్చుంటే గానీ అది నన్ను వదల్లేదు. ఇంటిదాకా వచ్చేది. అక్క హడలిపోయింది. నీ పేరు చెప్పింది కూడా అక్కే."

భయం కన్నా ముందు ఏడుపొచ్చింది ఆమెకు. తల దువ్వి బడికి పంపిన అక్క!

ఫోన్‌లో, వెనక నుంచి, ఆ అక్క గొంతే గుసగుసగా వినిపించింది. "అడగండి... అది చెల్లి దగ్గరే ఉండిపోతుందా? ఇక మనింటికి రాదుగా?"

ఒక్క ఉదుటున లేచి తలుపు దాకా పరుగెత్తింది. తలుపు తెరుచుకుంది. వరండాలో వెలుతురు... అటు మనుషుల మాటలు... బతికిపోయాననుకుంది.

వెనకాల కెమెరా క్లిక్‌మంది.

చూడకూడదనుకుంటూనే చూసింది. తెర మీద కొత్త ఫొటో. కుర్చీ వెనక ఇప్పుడెవరూ లేరు, తలుపు దగ్గరా ఎవరూ లేరు. కుర్చీలో మాత్రం ఆమె ఇంకా కూర్చునే ఉంది, చెవి దగ్గర ఫోన్‌తో.