నెల అక్షరాల్లో

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట వెలిగేది ఓవెన్, ఆ తర్వాత కంప్యూటర్. ఓవెన్ కూతురిది, కంప్యూటర్ తండ్రిది. ముందుగదిలో ఆమె కేకుల వ్యాపారం పెట్టి నాలుగేళ్లయింది. ఫోన్లో వచ్చిన ఆర్డర్లను పట్టికలో ఎక్కించే పని, రిటైరైన రెండో నెలలోనే ఆయన తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. జనన మరణాలు నమోదు చేసే ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేసిన మనిషి. తేదీ తప్పితే మనిషే తప్పిపోతాడని ఆయన నమ్మకం. పుట్టినరోజు తప్పు పడి పెన్షన్ రాక తిరిగిన వాళ్లను ఆయన ఎంతమందిని చూశాడో!

"అమ్మాయ్, ఒక్కసారి ఇటు చూడవూ?" అన్నాడు ఆ ఉదయం, కళ్లద్దాలు సర్దుకుంటూ. "కొన్ని తేదీలు గడిలో కుడిపక్కకు జరుగుతున్నాయి, కొన్ని ఎడమపక్కకు అంటుకుంటున్నాయి. పాత కంప్యూటర్లో ఇలా ఉండేది కాదు."

"నాన్నా, నా చేతులు చూడు, మోచేతుల దాకా క్రీమే. ఎటు అంటుకుంటే ఏంటి, తేదీ ఉందిగా!"

"ఉందనుకో. కానీ పదిహేను, ఇరవై, ఇలాంటివే ఎడమకు పోతున్నాయి. పన్నెండు లోపువి పోవడం లేదు."

"వాటికి కుర్చీలు వేసి కూర్చోబెట్టాలా ఏంటి? వదిలేయ్ నాన్నా."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె కూడా నవ్వుకుంది. ఆ నవ్వు తర్వాత ఎంత చేదెక్కుతుందో ఆమెకప్పుడు తెలియదు.

పదింటికి పక్క వీధి టీచరు వచ్చింది. కొత్త చీర, మొహం నిండా సంబరం.

"కేకు కోసం వచ్చానండీ. ఇవాళ మా అమ్మకు ఎనభై నిండాయి. పదకొండింటికి అందరూ వచ్చేస్తారు."

కూతురు గబగబా పట్టిక చూసింది. దగ్గర తేదీలు పైన, దూరపు తేదీలు కింద వచ్చేలా పేర్చుకుని, రోజూ పై వరసలే చూసి పని మొదలుపెట్టడం ఆమెకు అలవాటు. ఇవాళ్టివి మూడే ఉన్నాయి, మూడూ పాత కంప్యూటర్లో ఎప్పుడో ఎక్కించినవి. మూడింటిలో టీచరు పేరు లేదు.

"మీది ఇవాళ్టికి కాదేమోనండీ..."

"అదేంటండీ! మార్చి తొమ్మిదో తారీకని మీ నాన్నగారికి రెండుసార్లు చెప్పానే!"

"ఎక్కించానమ్మా, నాకు బాగా గుర్తు," అంటూ ఆయన లేచాడు.

"ఎక్కిస్తే ఏది?" కూతురి గొంతు పెరిగింది. "చూపించు! నీకు కళ్లు ఆనవు, ఏదీ గుర్తుండదు, ఒప్పుకోమంటే ఒప్పుకోవు. పొద్దుపోక నువ్వు చేసే పని నా కొంప ముంచుతోంది. ఇక ఆ కంప్యూటర్ జోలికి రాకు నాన్నా, నీకు దండం పెడతాను!"

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"క్షమించమ్మా. పొరపాటు నాదే అయ్యుంటుంది," అని టీచరుతో అని, వెనకగదిలోకి వెళ్లిపోయాడు.

టీచరే నొచ్చుకుంది. "అయ్యో, పెద్దాయన్ని అంత మాటెందుకండీ? సాయంత్రం నాలుగింటికి ఇవ్వండి చాలు. వచ్చినవాళ్లను కబుర్లతో కూర్చోబెడతాను."

పిండి కలిపి ఓవెన్లో పెట్టాక, తండ్రి తప్పేదో కళ్లారా చూద్దామని కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంది. టీచరు పేరు పట్టిక అడుగున దొరికింది. పక్కన తేదీ 9/3. సరిగ్గానే ఉంది! మరి ఇంత కిందకెందుకు పోయింది? అనుమానం వచ్చి, నెల అక్షరాల్లో కనిపించేలా ఆ గడిని మార్చింది.

సెప్టెంబర్ 3.

పోయిన వారం కొత్త కంప్యూటర్ మొదటిసారి తెరిచినప్పుడు అది ఏవేవో ప్రశ్నలు అడిగింది. చదివే ఓపిక లేక ఆమె అన్నిటికీ 'సరే' నొక్కేసింది. అప్పటినుంచి అది నెలను ముందు, రోజును వెనక చదువుతోంది. తొమ్మిదో నెల, మూడో తారీకు. పదిహేనో నెల ఎక్కడా ఉండదు కాబట్టి, అలాంటి వాటిని తేదీలుగా గుర్తించక ఎడమపక్కకు తోసేస్తోంది. తండ్రి వారం రోజులుగా చెబుతున్నది ఇదే. ఆయన్ని నమ్ముకుని ఉంటే కేకు వేళకు వెళ్లేది. ఈ పట్టికను నమ్ముకుంటే, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, సెప్టెంబర్లో వెళ్లేది.

బల్ల సొరుగులో ఆయన నోటు పుస్తకం ఉంది. ప్రతి ఆర్డరూ అందులో ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసి ఉంది. 'టీచరుగారి అమ్మగారు, ఎనభై, మార్చి తొమ్మిది.' పేజీ అంచున పెన్సిలుతో ఇంకేవో మాటలున్నాయి.

'తేదీలు ఎడమకు పోతున్నాయి. అమ్మాయిని అడగాలి.'

'అడిగాను. పనిలో ఉంది.'

'మళ్లీ అడిగాను. విసుక్కుంది. రేపు అడగాలి.'

ఆ 'రేపు అడగాలి' దగ్గర ఆమె ఇక చదవలేకపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తన తప్పును ఆయన కళ్ల మీదికి, వయసు మీదికి నెట్టింది. అదీ పరాయి మనిషి ముందు.

వెనకగదిలో ఆయన మంచం అంచున ఊరికే కూర్చుని ఉన్నాడు. చేతిలో పని లేకుండా తండ్రిని చూడటం ఆమెకు అదే మొదటిసారి.

"నాన్నా..." అంది. "తప్పు నాది. నువ్వు సరిగ్గానే రాశావు. నేను మిషన్ సరిగ్గా పెట్టలేదు. నువ్వు అడుగుతుంటే వినలేదు."

"నాకూ భయం వేసింది తల్లీ," అన్నాడు ఆయన. "నిజంగానే మతి పోతోందేమోనని."

ఆ మాటకు ఆమె ఆయన మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చేసింది.

నాలుగింటికి కేకు పట్టుకుని బయలుదేరుతూ, "నువ్వూ రా నాన్నా," అంది.

"నేనెందుకమ్మా?"

"తిట్టడం నలుగురిలో, ఒప్పుకోవడం నాలుగు గోడల మధ్యా? రా."

టీచరు ఇంట్లో, బంధువులందరి ముందూ చెప్పింది. "పొద్దున మా నాన్నను అన్నానే, ఆ తప్పు ఆయనది కాదండీ. నాది." ఎనభై ఏళ్ల ఆవిడ మొదటి ముక్క కోసి ఆయన చేతికిచ్చింది. ఆయన తలవంచుకుని తిన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె నోటు పుస్తకం తెరిచింది. రిజిస్టర్లో తప్పును చెరపకూడదనీ, పక్కన ఒప్పు రాసి సంతకం పెట్టాలనీ ఆయన ఆమె చిన్నప్పుడు ఎన్నోసార్లు చెప్పాడు. పెన్సిలు మాటల పక్కన పెన్నుతో రాసింది. 'నాన్న చెప్పింది నిజం. వినకపోవడం నా తప్పు.' సంతకం పెట్టి, కింద 9/3 అని తేదీ వేసింది.

ఆయన పెట్టె తెరిచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. వంగి, మెల్లగా చదివాడు. చదివి, ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"నెల అక్షరాల్లో రాయి తల్లీ," అన్నాడు.