ఇద్దరు చేయాల్సిన పని

"మెయిన్ ఆఫ్ చేశావా?" అని గట్టిగా అడిగాడు రాజారావు.

"చేశాను," అని తనే జవాబు చెప్పుకున్నాడు.

ఏప్రిల్ నెల, శనివారం, ఉదయం పది గంటలు. అమెరికాలో నోవై అనే చలి ఊళ్లో, ఇంటి ముందు డ్రైవ్‌వే పక్కన మిగిలిన మంచు కుప్పలు కరిగి మురికి నీళ్లు వీధిలోకి కారుతున్నాయి. ఆ నీళ్ల మధ్య చెక్క దిమ్మల మీద నిలబెట్టిన పాత క్యాంపర్ ట్రైలర్‌లో, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇంట్లో కూర్చుని ఒక పెద్దమనిషి ప్రశ్నలు తనే అడిగి జవాబులు తనే చెప్పుకుంటున్నాడు. ఎవరైనా వింటే మతి చలించిందనుకునేవాళ్లు. వినడానికి ఎవరూ లేరు, బాధల్లా అదే.

ఆ అలవాటు ఫ్యాక్టరీది. రాజారావు ముప్ఫై ఏళ్లు కార్ల వైరింగ్ చూసిన ఇంజనీరు. కరెంటు పని ఎప్పుడూ ఇద్దరు చేయాలన్నది అక్కడి పద్ధతి. ఒకరు స్విచ్ దగ్గర, ఒకరు వైరు దగ్గర. వైరు ముట్టుకునేవాడు గట్టిగా అడగాలి, స్విచ్ దగ్గరివాడు గట్టిగా చెప్పాలి. ఒకరు బిగించింది రెండోవాడు కళ్లారా చూస్తేనే కరెంటు ఇవ్వాలి. అక్టోబరులో రిటైరయ్యాక రెండోవాడు లేకుండా పోయాడు. అలవాటు మాత్రం పోలేదు.

భార్య సుధ విమానంలో మూడు గంటల దూరంలో, ఫ్రిస్కోలో ఉంది. కూతురు దేదీప్యకు పురుడు పోయడానికని మూడు నెలల కోసం వెళ్లింది. మనవరాలు తారకు ఇప్పుడు పద్నాలుగు నెలలు. మొదట పాపకు జలుబన్నారు, తర్వాత పళ్లొస్తున్నాయన్నారు, ఆ తర్వాత డేకేర్‌లో వేస్తే వారానికో జ్వరమన్నారు. అన్నీ నిజాలే. ఎవరినీ తప్పు పట్టే వీల్లేక రాజారావుకు కోపం కూడా సరిగ్గా వచ్చేది కాదు.

"మీరూ అక్కడికే వెళ్లిపోవచ్చుగా" అని అడగనివాళ్లు లేరు. వెళ్లాడు. నవంబరులో తొమ్మిది రోజులున్నాడు. అల్లుడు సాత్విక్ మంచివాడే, కానీ ఇంట్లోంచే ఉద్యోగం. "మామయ్యగారూ, మీటింగ్‌లో ఉన్నా, టీవీ కొంచెం..." అని సైగ చేసేవాడు. రాజారావు ముందు సౌండు తగ్గించాడు, మర్నాడు టీవీయే కట్టేశాడు, ఆ మర్నాటి నుంచి గదిలో మంచం అంచున కూర్చోవడం మొదలుపెట్టాడు. కారు లేనిదే కాలు బయట పెట్టలేని ఊరు. పదో రోజున, చలికి ఇంట్లో పైపులు పగులుతాయని వంక చెప్పి వచ్చేశాడు. పైపులు నిక్షేపంగా ఉన్నాయి.

డిసెంబరులో ఈ ట్రైలర్ కొన్నాడు. దేదీప్య ఇంటికి పన్నెండు నిమిషాల దూరంలో ట్రైలర్లు నిలుపుకునే పార్కు ఒకటుంది. అక్కడ పెట్టుకుని తనూ సుధా ఉండాలని ఆయన ఆలోచన. పగలంతా సుధ మనవరాలి దగ్గర ఉంటుంది, సాయంత్రానికి తమ ఇంటికి వస్తుంది. ఎంత చిన్నదైనా తమ తలుపు తమకుంటుంది. బండి కొన్నానని చెప్పాడే కానీ, ఎందుకో ఆయన ఎవరికీ చెప్పలేదు. అంతా పూర్తి చేసి ఆమె ముందు నిలబెడితే కాదనలేదని ధైర్యం. నోటితో అడిగితే ఎక్కడ కాదంటుందోనని భయం. కాదంటే ఇక ఆయన దగ్గర అడగడానికి ఏమీ మిగలదు.

కొన్నప్పుడు లోపల ఎలుకలు వైర్లన్నీ కొరికేసి ఉన్నాయి. గోడలు విప్పితే రేకు అంచులకు రాసుకుని తోలు ఊడిన తీగలు, ఎవడో టేపు చుట్టి మమ అనిపించిన అతుకులు. ఇందులో పడుకున్నవాళ్లు తెల్లారి ఎలా లేచారో అనుకుంటూ పాత వైరు అడుగు ముక్క మిగల్చకుండా పీకేశాడు. కొత్త వైరు రేకులోంచి దూరే ప్రతి చోటా రబ్బరు రింగు, ఊగకుండా అడుగడుగునా క్లిప్పు, ప్రతి వైరుకూ దాని లావుకు తగిన ఫ్యూజు. నాలుగు నెలలు పట్టింది.

ఆయనకు చిక్కల్లా నల్ల వైరుతోనే. తెనాలిలో మేనమామ మోటార్ల షాపులో పన్నెండో ఏట పని నేర్చుకున్నప్పుడు ఎర్రది కరెంటు, నల్లదాంతో భయం లేదు. తర్వాత ముప్ఫై ఏళ్లు కార్లలోనూ నల్లదంటే గ్రౌండు, తీసుకెళ్లి బండి బాడీకి బిగించడమే. అమెరికా ఇళ్లలో, ఇలాంటి ట్రైలర్లలో లెక్క వేరు. ఇక్కడ నల్లదాంట్లోనే అసలు కరెంటు, బాడీకి వెళ్లాల్సింది ఆకుపచ్చది. తన చేతుల మీద తనకే నమ్మకం లేక, ఫ్యూజుల పెట్టె తలుపు మీద టేపు అంటించి పెద్దక్షరాలతో రాసుకున్నాడు: నలుపు అంటే కరెంటు. జాగ్రత్త.

గురువారం సాయంత్రం ఆఖరి పని మిగిలింది. బయటి నుంచి కరెంటు త్రాడు వచ్చి తగులుకునే చోట మూడు వైర్లు బిగించాలి. సరిగ్గా అప్పుడే సుధ ఫోను. స్పీకర్లో పెట్టి మాట్లాడాడు.

"ఏమండీ, ఈ సమ్మర్‌కి కూడా రావడం కుదరదేమో. దీపూకి నైట్ షిఫ్టులు వేశారు."

"సరే," అన్నాడు రాజారావు.

"సరేనా?"

"మరేం చేస్తాం. సరే."

ఫోను పెట్టేశాక చేతులు పని చేసుకుపోయాయి. మనసు అక్కడ లేదు. మూడు వైర్లూ బిగించి, మూత పెట్టి, ఇంట్లోకి వెళ్లి మూడు రోజుల కిందటి ఉప్మా వేడి చేసుకుని తిన్నాడు.

ఇప్పుడు శనివారం, కరెంటు ఇచ్చి చూసే రోజు. "అన్నీ ఇంకోసారి చూశావా?" అని అడిగాడు.

"చూశాను," అని చెప్పేసుకున్నాడు. చూడలేదు.

త్రాడు తెచ్చి గ్యారేజ్‌లో ప్లగ్గులో పెట్టాడు. ట్రైలర్‌లో టేబుల్ ల్యాంపు వేశాడు. వెలగలేదు. ఏదో వదులైందనుకుని, కరెంటు కొలిచే మీటర్ కోసం గ్యారేజ్ అరలు వెతకడానికి వెళ్లాడు. త్రాడు తియ్యలేదు.

అప్పుడే ఇంటి ముందు ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చిన అద్దె కారు ఆగింది. దేదీప్య వెనక సీటులో పాప బెల్టు విప్పుతుంటే, సుధ ముందుగా దిగి, ఆయన లోపలున్నారనుకుని ట్రైలర్ దగ్గరికి నడిచింది. చెప్పుకాలు నీళ్లలో పడింది. "ఏమండీ" అంటూ తలుపు ఇనుప పిడి పట్టుకుని కెవ్వుమంది.

ఆ కేకకు రాజారావు చేతిలో డబ్బా జారిపడింది. గోడ మీద ప్లగ్గు బటన్ టక్కుమంది. తేడా వస్తే తనంతట తనే కరెంటు ఆపేసే ప్లగ్గు అది. అయినా త్రాడు లాగి పారేసి పరిగెత్తాడు. సుధ నీళ్లలో చతికిలబడి, కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుని, వణుకుతూ ఆయన వంక చూస్తోంది. పద్నాలుగు నెలల తర్వాత భార్య ఇంటికొస్తే ఆయన ఇచ్చిన స్వాగతం అదీ.

హాస్పిటల్లో నర్సు కావడం వల్ల దేదీప్య కంగారును దిగమింగి తల్లి నాడి చూసింది, అరచెయ్యి తిప్పి చూసింది, గుండె దగ్గర చెవి పెట్టి వింది. వంటింట్లో కూర్చోబెట్టి వేడి పాలు తాగించింది. అంతా బాగానే ఉందని తేలాక తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఆర్ యూ సీరియస్? అది తార టచ్ చేసుంటే? షీ ఈజ్ ఎ బేబీ, నాన్నా!"

రాజారావు ఖాళీ పాల గ్లాసు తీసి సింకులో పెట్టాడు.

"అమ్మ ఎందుకు వచ్చిందో తెలుసా? నువ్వు ఫోన్‌లో 'సరే' అన్నావని టూ డేస్ తినలేదు. నేను టికెట్స్ బుక్ చేసి తీసుకొచ్చా. ఇనఫ్. ఆ ట్రైలర్ జంక్‌కి ఇచ్చేద్దాం. ఈ హౌస్ అమ్మేసి నువ్వు మాతో వచ్చేయ్. నీకు రూమ్ ఉంది కదా?"

"రూమ్ ఉందమ్మా," అన్నాడు రాజారావు నెమ్మదిగా. "అందులో కూర్చుని నేనేం చెయ్యాలి?"

దేదీప్య ఏదో అనబోయేలోగా సుధ అందుకుంది.

"నా మాటేంటండీ? వేసవికి రానన్నాను. కోప్పడతారనుకున్నా. అలా కుదరదు, వచ్చెయ్ అంటారనుకున్నా. ఒక్కసారి, ఒక్కసారైనా రమ్మని అన్నారా ఈ పద్నాలుగు నెలల్లో? నేను లేకపోతేనే హాయిగా ఉందేమో మీకు. నన్ను వదిలేసి ఊళ్లు తిరగడానికేగా ఆ బండి?"

"కాదు సుధా..."

"మరి దేనికి?"

చెప్పడానికి నోరు తెరిచాడు. నాలుగు నెలలుగా దాచుకున్న మాట, భార్యకు షాక్ కొట్టించిన రోజున ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? సుధ లేచి నిలబడింది.

"ప్లగ్గు తీసేశారా?"

"తీసేశాను. బ్యాటరీ కూడా విప్పేశాను."

"ఆ త్రాడు తెచ్చి నా చేతిలో పెట్టండి."

తెచ్చి ఇచ్చాడు. ఆ బరువైన త్రాడు చుట్ట చంకన పెట్టుకుని ఆమె ట్రైలర్ ఎక్కింది. పిడిని ముట్టుకోవడానికి మాత్రం ఒక క్షణం పట్టింది. ఆయన మెట్టు దగ్గరే నిలబడిపోయాడు, పరాయి ఇంటికి వచ్చినవాడిలా.

లోపల కొత్త చెక్క వాసన. చిన్న గట్టు మీద నాలుగు వైపులా చెక్క పట్టీలు కొట్టిన గుండ్రటి గుంట. అది దేనికో సుధకు వెంటనే తెలిసింది. ఇంట్లో పద్నాలుగు నెలలుగా బట్ట కప్పి ఉన్న తన గ్రైండర్ అడుగు కొలత అది. ప్రయాణంలో కదలకుండా కట్టిన ఏర్పాటు. దాని పక్కనే, ఆమె వంగకుండా అందుకునే ఎత్తులో ప్లగ్గు. గోడన ఫ్యూజుల పెట్టె. తలుపు మీద టేపు చదివింది. తలుపు తీసింది. ఒక్కో ఫ్యూజు పక్కన ఆయన చేతిరాత. ఫ్రిజ్. సుధ గ్రైండర్. సుధ మంచం పక్క లైటు. కింద కొత్త సిరాతో: తార పడుకునే వైపు హీటరు.

తలుపు వెనకాల ఫ్రిస్కో మ్యాపు. ఒక పార్కు మీద ఎర్ర గుండ్రం, దేదీప్య ఇంటి మీద ఇంకోటి. రెంటి మధ్యా "12 నిమిషాలు. సా. 6కి తీసుకురావాలి" అని రాసి ఉంది.

సుధ ఆ మంచం మీద కూర్చుని ఏడ్చింది. దాచుకోవాలని కూడా చూడలేదు. అక్కడ కూతురింట్లో, స్నానాల గదిలో కుళాయి విప్పి ఏడ్చే అలవాటైపోయింది ఆమెకు. ఎవరూ వినకూడదనే జాగ్రత్త లేకుండా ఏడ్చి ఎన్నాళ్లయిందో.

"లోపలికి రండి," అంది చివరికి.

ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నాకూ అక్కడ ఏం తోచదండీ," అంది. "పాప నిద్రపోతే నేను గోడలతో మాట్లాడతా. చెప్తే మీరు దిగులు పడతారని చెప్పలేదు."

"నేను ఇక్కడ నాతోనే మాట్లాడుకుంటున్నాను," అన్నాడు రాజారావు. "ఆఫ్ చేశావా అని నేనే అడుగుతాను, చేశానని నేనే చెప్తాను. అన్నీ చూశావా అంటే చూశానన్నాను. చూడలేదు సుధా. నీ చెయ్యి..."

"నా చెయ్యి బాగానే ఉంది. ఎక్కడ పొరపాటైందో చూపించండి."

బయటికెళ్లి మూత విప్పాడు. నల్ల వైరు బండి బాడీకి బిగించి ఉంది. వాషరు వేసి, ఎంతో నీటుగా, కారుకు బిగించినట్టే. ఆకుపచ్చది నల్లదాని చోట్లో ఉంది. ముప్ఫై ఏళ్లలో లక్షల కార్లకు సరిపోయిన పని, ఈ ఒక్కదానికి ప్రాణాంతకం. ఆయన అది చూస్తూ మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"రాసుకున్నారుగా, నలుపంటే కరెంటని," అంది సుధ.

"నువ్వు రానన్నావు. ఇంకేం కనపడలేదు."

పాపను ఎత్తుకుని దేదీప్య అక్కడికి వచ్చింది. తల్లి, తలుపు వెనక నుంచి ఊడదీసి తెచ్చిన మ్యాపు ఆమె చేతికిచ్చింది.

"నాన్నా, ఈ పార్క్ నేను రోజూ దాటి వెళ్తా హాస్పిటల్‌కి. వై డిడ్‌న్ట్ యూ జస్ట్ టెల్ అస్?" అంటూ ముక్కు ఎగబీల్చింది. "లిజన్. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి అంతా చెక్ చేయాలి. అంతదాకా తార దీని దగ్గరికి రాదు. ప్రామిస్?"

"ప్రామిస్. సోమవారమే పిలుస్తాను," అన్నాడు రాజారావు. ముప్ఫై ఏళ్ల అనుభవం ఇంకొకరి చేత దిద్దించుకోవడానికి ఆయనకు ఆ రోజు సిగ్గనిపించలేదు.

దేదీప్య పాపతో ఇంట్లోకి వెళ్లింది. ఆయన రెండు వైర్లూ విప్పి సరైన చోట బిగించాడు. తర్వాత సుధను పిలిచి, ఒక్కోటీ రంగు చదివి చూడమన్నాడు. ఆమె కళ్లజోడు సర్దుకుని వంగి, నల్లది, తెల్లది, ఆకుపచ్చది అని, ఎక్కడెక్కడ ఉందో వేలు దూరంగా పెట్టి చెప్పింది. ప్రతిదానికీ ఆయన తలూపాడు. కరెంటు ఇవ్వకుండానే మీటరుతో కొలిచాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కరెంటు ఇచ్చేది ఎలక్ట్రీషియన్ చూశాకే అన్నాడు.

"మరి నేనేం చెయ్యాలిప్పుడు?"

"నువ్వు లోపల స్విచ్చుల దగ్గర ఉండు. నేను మూత బిగిస్తాను. త్రాడు నీ చంకలోనే ఉందనుకో, అయినా పద్ధతంటే పద్ధతే."

ఆమె లోపలికి వెళ్లింది. రాజారావు బయట మోకాళ్ల మీద కూర్చుని స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

"మెయిన్ ఆఫ్ చేశావా?" అని గట్టిగా అడిగాడు.

"చేశానండీ!"

స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది. రేకు గోడ అవతలి నుంచి, తనది కాని గొంతు.

"మెయిన్ ఆఫ్ చేశావా?" అని మళ్లీ అడిగాడు.

"చేశానన్నానుగా! ఏం, వినపడలేదా?"

"వినపడింది," అన్నాడు రాజారావు, చేతి వెనక వైపుతో కళ్లు తుడుచుకుంటూ. "ఇంకోసారి చెప్పు."