కాచి చల్లార్చిన నీళ్లు

బర్రెలు పోయి ఏండ్లు గడిచినా దశరథానికి చీకటితోనే లేచే అలవాటు పోలేదు. శంషాబాద్‌లో వాళ్ల రేకుల ఇంటి మీద నుంచి పొద్దుటి విమానం పోయేసరికి పొయ్యి మీద ఆయన చాయ్ మరుగుతూ ఉంటుంది.

ఆ రోజు కూడా మరుగుతోంది. కోడలు సునీత యూనిఫాం వేసుకుని వంటింట్లోకి వచ్చింది. ఎయిర్‌పోర్టులో నడవలేని పెద్దవాళ్లను వీల్‌చైర్లో తోసుకెళ్లే ఉద్యోగం ఆమెది. పాపకు నాలుగో నెల రాగానే మళ్లీ డ్యూటీకి ఎక్కింది. తను ఇంట్లో లేని పూట కూడా బిడ్డ తన పాలే తాగాలని, వాటిని పిండి ఒక చిన్న స్టీలు డబ్బాలో పెట్టి పోతుంది.

"మామయ్యా, పాలు ఫ్రిజ్‌ల పెట్టిన. అత్తమ్మ లేస్తే చెప్పు."

"ఊఁ" అన్నాడు దశరథం.

డ్యూటీ బండి హారన్ వినిపించింది. సునీత పరుగున పోయింది. ఆయన కాసేపు గుమ్మం వైపు చూసి, ఫ్రిజ్ తలుపు తీశాడు. డబ్బాలో పాలు అడుగునే ఉన్నాయి. రాత్రే కాచి చల్లార్చిన నీళ్లు గ్లాసుతో ముంచి, జాగ్రత్తగా పోశాడు. డబ్బా సగం దాటింది. మూత పెట్టేశాడు.

ఆయనకు అది కొత్త పనేమీ కాదు. ఒకప్పుడు మోపెడ్‌కు క్యాన్లు కట్టుకుని అత్తాపూర్ దాకా పాలు పోసినవాడు. ఏ పాలవాడు నీళ్లు కలపడు? వెనక నుంచి "నీళ్ల దశరథం" అంటారని ఆయనకూ తెలుసు. అప్పుడు బోరింగు నీళ్లు పోసేవాడు. ఇప్పుడు మనవరాలికని కాచి పోస్తున్నాడు. అంతే తేడా.

దీనికంతటికీ మొదలు భార్య కౌసల్యమ్మ నోరు. సునీత డ్యూటీకి ఎక్కిన కొత్తలో ఆమె రోజూ డబ్బా మూత తీసి చూసేది. "గింతేనా? గిది బిడ్డకా, పిల్లికూనకా? ఎయిర్‌పోర్టుల ఉరుకులాడితే పాలు యాడికెళ్లి వస్తయి?" అనేది. సాయంత్రం కోడలు గడప తొక్కగానే మళ్లీ అవే మాటలు. ఒకరోజు సునీత చెప్పులు వేసుకుంటూ గోడకు ముఖం పెట్టి ఏడవడం దశరథం చూశాడు. భార్యను ఒక్క మాట అనడం చేతకాలేదు. నీళ్లు పోయడం చేతనైంది.

ఆ పొద్దున కూడా కౌసల్యమ్మ లేచి డబ్బా చూసి మురిసిపోయింది. "చూసినవా? నేను నాలుగు మాటలంటెనే వస్తయి పాలు!"

దశరథం చాయ్ గ్లాసులో ముఖం పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం, సగం పూట సెలవు పెట్టిన సునీతతో పాటు రబియా సిస్టర్ ఇంటికి వచ్చింది. సర్కారు దవాఖానలో కాన్పులు చేసే ఆమె. సునీతకు కాన్పు చేసిందీ ఆమే. ముందు రోజు సూది మందుకు తీసుకుపోతే పాప బరువు అస్సలు పెరగలేదని తేలింది. ఇంట్లో పాలు ఎలా పడుతున్నారో చూస్తానని, డ్యూటీ దిగి రాజేంద్రనగర్‌లో తన ఇంటికి పోయేదారిలో ఆగింది. అన్నానికి వచ్చిన కొడుకు ఉపేందర్ తన క్యాబ్ తాళాలు వేలికి తిప్పుతూ నిలబడ్డాడు.

సునీత గోడకు ఆనుకుని పాపకు పాలిస్తుంటే రబియా పక్కన కూర్చుని, పాప నోరూ దవడా చూసింది. "పట్టు మంచిగుంది బేటా. గుటకలేస్తున్నది. తల్లి దగ్గర ఏం లోపం లేదు."

"మరి పిల్లెందుకు గిట్ల ఎండిపోతున్నది?" అన్నాడు ఉపేందర్.

"నేను చెప్త" అంది కౌసల్యమ్మ. "పాలున్నయి, వాటిల బలం లేదు. మనసంతా నౌకరి మీదుంటే బలమెట్ల వస్తది?"

రబియా ఆమె వైపు తిరిగింది. "అరే కౌసల్యమ్మా! కాన్పు నాడు ఈ పిల్ల నీ భుజాలు పట్టుకొనే నడిచింది. నొప్పొచ్చినప్పుడల్లా నువ్వే నడుం రుద్దినవ్. 'నేనున్న బిడ్డా' అన్నవ్. ఆ అత్త యాడికి పోయింది?"

కౌసల్యమ్మ ముఖం ముడుచుకుంది. ఉపేందర్ మాత్రం తగ్గలేదు.

"నౌకరి వద్దు, ఏం వద్దు. రేపటికెళ్లి బంద్ చెయ్."

"చేస్త" అంది సునీత. "నా పాలు నా బిడ్డకే పనికిరాకపాయె. ఇగ నౌకరి చేస్తేంది, ఇంట్ల కూసుంటేంది?"

కౌసల్యమ్మ విసురుగా లేచి ఫ్రిజ్‌లోంచి డబ్బా తెచ్చింది. "పాలోళ్లం మేము. మంచి పాలైతే గోరు మీద ముత్యం తీరు నిలవాలె. చూడుండ్రి!" అని బొటనవేలి గోటి మీద ఒక చుక్క వేసింది. చుక్క జర్రున జారిపోయింది. సునీత పాప మీదికి వంగి ముఖం దాచుకుంది.

"తల్లిపాలు బర్రెపాలు కావమ్మా. పల్చగనే ఉంటయి. గోరు మీద ఆగకుంటే అది లోపం కాదు" అంది రబియా.

"నువ్వు చెప్పవేందయ్యా? ఇన్నేండ్లు పాలు పోసినోనివి!" అంటూ కౌసల్యమ్మ మొగుడి వైపు తిరిగింది.

దశరథం గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు.

కౌసల్యమ్మ ఆ చూపు గుర్తుపట్టింది. డెయిరీవాడు క్యాన్లో నీళ్ల కల్తీ పట్టే మీటరు ముంచినప్పుడల్లా ఈయన ఇట్లాగే గోడ చూసేవాడు. ఆమె డబ్బా చూసింది. పొయ్యి పక్కన మూతపెట్టిన నీళ్ల గిన్నె చూసింది. మళ్లీ మొగుడిని చూసింది. డబ్బా మూత పెట్టేసింది.

"పోనీ తియ్యి" అంది, గొంతు తగ్గించి. "పాలు గిట్లనే ఉంటయేమో. డబ్బా పాలపొడి తెచ్చుకుందాం. ఇగ లొల్లొద్దు."

భార్య తన తప్పు దాస్తోందని దశరథానికి అర్థమైంది. నోరు మూసుకుంటే చాలు, ఇంతటితో గట్టెక్కినట్టే. కానీ సునీత కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. నౌకరి మానేస్తున్నానని చెప్పడానికి సూపర్‌వైజరు నంబరు వెతుకుతోంది.

"నీళ్లు కలిపిన" అన్నాడు దశరథం.

సరిగ్గా అప్పుడే ఇంటి మీద నుంచి విమానం పోయింది. రేకులు అదిరాయి. ఎవరికీ వినబడలేదు.

"ఏమన్నవ్ బాపు?" అన్నాడు ఉపేందర్.

ఒకసారి చెప్పడానికే ఆయన ప్రాణం పోయినట్టయింది. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. "నేనే. ఆ డబ్బాల నీళ్లు కలిపిన. రోజూ కలుపుతున్న."

ఉపేందర్ చేతిలో తాళాలు ఆగాయి. "అత్తాపూర్‌ల అమ్ముకునే పాలనుకున్నవా బాపు? నీ మనుమరాలు గదనే!"

"కాచి చల్లార్చినయే పోసిన..."

ఆ మాట తన చెవిన పడగానే దశరథానికి నేలలో కూరుకుపోయినట్టయింది. క్యాన్ల కాడ ఏ రోజూ రాని సిగ్గు అప్పుడు వచ్చింది. తల వంచుకుని కోడలితో అన్నాడు. "డబ్బా తక్కువుంటే అత్త అంటుండె. నువ్వు ఏడ్సుకుంట పోతుంటివి. చూడలేకపోయిన బిడ్డా."

కౌసల్యమ్మ ఉన్నచోటే చతికిలబడింది. "అంటే నా నోటికి జడిసి..." అని, ఆ నోటికే కొంగు అడ్డం పెట్టుకుంది.

రబియా దశరథం దగ్గరికి జరిగింది. "ఆరు నెలల దాకా ఒక్క చుక్క నీళ్లు వద్దు బాపూ. కాచినయి గూడ వద్దు. ఆ చిన్న కడుపు నీళ్లతోనే నిండితే పాలు తాగదు, పెరగదు. ఇప్పుడు తెలిసింది గద, మళ్ల బరువు చూద్దాం. సునీతా, నౌకరి మానకు బేటా. డ్యూటీల గూడ పాలు పిండు. తీస్తుంటెనే వస్తయి." కౌసల్యమ్మ వైపు చూసి నెమ్మదిగా అంది. "తిడితే రావు."

సునీత ఫోన్ పక్కన పెట్టింది. పాపను ఎత్తుకుని లోపలికి పోయింది. తిట్టినా బాగుండేదనిపించింది దశరథానికి.

మర్నాడు పొద్దున ఆయన వంటింటి వైపు పోలేదు. చాయ్ పెట్టలేదు. బయట అరుగు మీద కూర్చున్నాడు. సునీత యూనిఫాంలో వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో స్టీలు డబ్బా.

"మామయ్యా, పాలు."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అత్తకియ్యి బిడ్డా. నాకొద్దు."

"అత్తమ్మ పాపను ఎత్తుకుంది. నువ్వే పట్టు. బండొచ్చింది." ఆయన చెయ్యి తనే ముందుకు లాగి డబ్బా పెట్టింది. అప్పుడే పిండిన పాలు, డబ్బా ఇంకా వెచ్చగా ఉంది.

పాపతో గుమ్మంలోకి వచ్చిన కౌసల్యమ్మ అలవాటుగా మూత ఎత్తింది. పాలు అడుగునే ఉన్నాయి. ఏదో అనబోయి మింగేసింది.

"మస్తున్నయి, నువ్వు పో బిడ్డా. పగటాల్ల నీ అన్నం టైముకు పాపను తీస్కొని ఎయిర్‌పోర్టు గేటు కాడికొస్తం. అక్కడ్నే తాపిద్దువు" అంది. మొగుడి వైపు చూడకుండానే, "ఏమయ్యా, మోపెడ్ల పెట్రోలున్నదా?" అని అడిగింది.

దశరథం తలూపాడు. సునీత బండెక్కే దాకా చూస్తూ నిలబడ్డాడు. కళ్లు నిండిపోయాయి. చేతిలో డబ్బా మూత తీసే ఉంది. ఒక్క చుక్క కూడా అందులో పడకుండా, డబ్బాను దూరంగా పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.