ఆపరేషన్ రెండో స్లాట్

“ఎడమ కన్ను మూసుకో. మూడో వరుస చదువు.”

ఉడత చదివాడు. గోడ మీది చార్టులో మూడో వరుసే ఆ రోజు కోడ్. అక్షరం తప్పకపోవడంతో పెద్దాయన తలుపు గడియ పెట్టాడు. బయటి బోర్డు ప్రకారం ఆయన కంటి డాక్టరు. లోపల గూఢచారి శాఖకి చీఫ్. ఉడత అన్నది ఏజెంటు కోడ్ నేమ్. అసలు పేరుతో అతన్ని ఎవరైనా పిలిచి ఆరేళ్ళయింది.

“తొమ్మిది మంది ఏజెంట్ల పేర్లున్న ఫైలు పోయింది. ఫైలేంటి, మన డెస్క్‌టాప్‌నే ఎత్తుకుపోయారు. విదేశీ ముఠా. రేవు పక్కన ఎగుమతుల ఆఫీసు పేరుతో కూర్చున్నారు.”

“తెరిచారా?”

“ఆ ఫైలు తాళం తీసే ప్రోగ్రామ్‌కి ఎనిమిది జీబీ మెమరీ కావాలి. అందులో ఉన్నది నాలుగు. ఇంకో నాలుగు వేయడానికి మెకానిక్ కోసం ఫోన్ చేశారు. ఆ ఫోన్ మనం పట్టాం.” పెద్దాయన వేలెడంత మెమరీ ముక్క చేతిలో పెట్టాడు. “ఇది పది నిమిషాల్లో ఆ డెస్క్‌టాప్ మిషన్‌ని పడగొడుతుంది. తాళం తీస్తుండగా మిషన్ పడిపోతే ఫైలు తనని తానే తుడిచేసుకుంటుంది.”

“అక్కడ మనవాళ్ళు?”

“మేడమ్ అని ఒకావిడ ఉంది. రెండు పడవల మీద కాళ్ళు. ఎటు దూకుతుందో ఎవరికీ తెలీదు. నమ్మకు.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఆ తొమ్మిది మందిలో మీ అక్క ఉంది.”

“మా అక్క ఎక్కడో దూరదేశంలో నర్సు కదండీ!”

“నువ్వు కంప్యూటర్లు బాగుచేసుకుంటున్నావని ఆవిడా అనుకుంటోంది. కుడి కన్ను మూసుకో.”

పగలు పదకొండు గంటలకి మెకానిక్ వేషంలో, అతికించిన మీసంతో, టూల్ బ్యాగుతో ఉడత ఆ ఎగుమతుల ఆఫీసు నాలుగో అంతస్తు ఎక్కాడు. పొడవాటి గదిలో ఆరు టేబుళ్ళు ఉన్నాయి. మనుషులు ఇద్దరే. కిటికీ దగ్గర సూటాయన వాచీ చూసుకుంటున్నాడు. ఎర్ర పట్టుచీరలో మేడమ్ గోళ్ళు చూసుకుంటోంది.

“పన్నెండుకి ఫైలు పంపాలి. తొందరగా కానివ్వు,” అన్నాడు సూటాయన.

ఉడత మూత విప్పి, రెండో స్లాట్‌లో దుమ్ము ఊది, ముక్కని నిలబెట్టి నొక్కాడు. దిగలేదు. తిప్పి చూశాడు. ముక్క అంచున గాటు ఒకచోట ఉంది, స్లాట్‌లో గట్టు ఇంకోచోట ఉంది. ఈ మోడల్ రెండు రకాలుగా వచ్చింది. పాత రకానికి డీడీఆర్ త్రీ మెమరీ, కొత్తదానికి ఫోర్; ఈ మిషన్ పాతది, తెచ్చిన ముక్క ఫోర్. శాఖ స్టోర్స్‌లో మోడల్ పేరు చూసి ముక్క తయారుచేశారు. మూత విప్పి చూసినవాడు లేడు. మన మిషనే, మన లెక్కే, తప్పు కూడా మనదే.

“ఏమయింది?”

“ఇది దీనికి సరిపడదు సార్. రకం వేరు.”

“పక్క కంప్యూటర్లోది పీకి పెట్టు.”

దాన్ని పీకాడు. డీడీఆర్ త్రీనే, నాలుగు జీబీ. కానీ మిషన్‌లో ముందే ఉన్న పాత ముక్క వేగం పదమూడు వందల ముప్పై మూడు, ఇది పద్దెనిమిది వందల పైచిలుకు.

“రెండూ వేరే కంపెనీలు, వేరే వేగాలు. కలుస్తాయని గ్యారంటీ లేదు సార్.”

“గ్యారంటీ నిన్నెవడు అడిగాడయ్యా? పెట్టు!”

ముక్క టక్కున దిగింది. వదిలేస్తే మిషన్ తనంతట తనే నెమ్మదిదాని వేగానికి దిగి, రెంటినీ బుద్ధిగా నడిపిస్తుంది. ఫైలు తెరుచుకుంటుంది, అక్క చనిపోతుంది. ఉడత మెమరీ వేగం సెట్టింగ్స్ తెరిచాడు. పద్దెనిమిది వందలు పెడితే పాత ముక్క అసలు లేవదు, అనుమానం వస్తుంది. పదహారు వందలు పెడితే లేస్తుంది, బరువు పడితే కూలుతుంది. ఎంతసేపటికో మాత్రం తెలీదు. అతను 1600 కొట్టాడు.

వెనక పట్టుచీర గరగరలాడింది. మేడమ్ అతని భుజం మీదుగా ఆ అంకె చదువుతోంది. పాత ముక్క మీది లేబుల్ కూడా చూసింది.

“అంతా సరేనా?” అన్నాడు సూటాయన.

ఉడత స్క్రూడ్రైవర్ పిడిని బిగించి పట్టుకున్నాడు.

“సరే. కానివ్వండి,” అంది మేడమ్.

మిషన్ లేచింది. ఎనిమిది జీబీ చూపించింది. సూటాయన తాళం తీసే ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. ముప్పై శాతం. డెబ్భై. ఉడత స్క్రూలు ఏరుతూ, అక్క చివరి ఉత్తరంలో ఆసుపత్రి గురించి ఏం రాసిందో గుర్తుచేసుకుంటున్నాడు. ఒక్క ముక్కా నిజం కాదు. తను రాసిన జవాబూ అంతే. తొంభై. తొంభై ఆరు. తొంభై తొమ్మిది.

తెర నీలంగా మారింది.

మళ్ళీ ఆన్ చేస్తే ఫైలు లేదు.

“ఏం చేశావురా?”

“కలవవని ముందే మొత్తుకున్నా కదా సార్!”

“అతను చెప్పినా మీరే పెట్టమన్నారు,” అంది మేడమ్ విసుగ్గా. “పద, నీ సర్వీసు కాగితం ఇటివ్వు.”

గుమ్మం దగ్గర ఆమె కాగితం నింపింది. అతనికి ఆమెతో ఒక్క మాటైనా చెప్పాలనిపించింది. ఆమె తల ఎత్తలేదు. తలుపు పడింది.

మెట్ల మీద కాగితం విప్పాడు. కస్టమర్ అభిప్రాయం అన్న గడిలో గుండ్రటి దస్తూరి ఉంది: “చేతకాని మనిషి. ఇంకెప్పుడూ ఇటు రానివ్వకండి.”

ఆరేళ్ళలో తను చేసే పని తెలిసి, తన క్షేమం కోరి ఎవరైనా రాసింది అదొక్కటే. ఉడత దాన్ని నలగకుండా మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసు కాపీ మీద మాత్రం ‘కస్టమర్ సంతృప్తి చెందలేదు’ అని తనే టిక్కు పెట్టాడు.