ఆల్డర్సన్ గుమ్మం మీది రాయి

నెడ్ ఆల్డర్సన్ పని నుంచి వచ్చేసరికి ఇంటి గుమ్మానికి నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన మీద ఎర్ర రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి, చేతిలో కొలత టేపు.

"ఎవరండీ మీరు?"

"ఫ్రేయా మెట్కాఫ్. ఊళ్లో పాత ఇళ్ల చరిత్ర రాస్తున్నాను. మీ నానమ్మగారిని అడిగే ఎక్కాను. నిచ్చెన కాస్త పట్టుకుంటారా? జారుతోంది."

నెడ్ పట్టుకున్నాడు. థార్న్‌గిల్‌లో వారం రోజులుగా వాన. ఆమె రెయిన్‌కోటు మీది నీళ్లన్నీ అతని మెడలోకి కారాయి.

"ఈ రాయి ఈ ఇంటిది కాదు," అంది ఆమె పైనుంచి.

నెడ్ నిచ్చెన వదిలేయబోయి ఆగాడు.

గుమ్మంపై రాయి మీద పైన ఎ, దాని కింద టి, ఇ, ఆ కింద 1671 అని చెక్కి ఉంది. పబ్ రాయి మీద 1679. ఊళ్లో అన్నిటికన్నా పాత ఇల్లు తమదేనని నానమ్మ హెటీ అరవై ఏళ్లుగా పబ్ వాళ్లకు గుర్తు చేస్తూనే ఉంది. ఫ్రేయా పుస్తకంలో మొదటి పేజీ అన్నిటికన్నా పాత ఇంటికి.

"మూడు వందల యాభై ఏళ్లుగా అక్కడే ఉంది," అన్నాడు నెడ్.

"ఉండొచ్చు. కానీ రాయి చుట్టూ చెక్కిన అంచు ఎడమవైపు లేదు. ఇక్కడ పట్టక కొట్టేశారు. కిటికీలేమో 1740 ప్రాంతానివి. మీరు రాతిపనే చేస్తారటగా, మీకు కనబడలేదా?"

"మీరు ఊళ్లోకొచ్చి ఎన్నాళ్లయింది?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజుల్లో మా ఇంటికి డెబ్బై ఏళ్లు తగ్గించారు!"

"నేను తగ్గించలేదు. ఎవరో పెంచారు," అని ఆమె దిగింది. "శుక్రవారం పుస్తకం అచ్చుకు పంపి వెళ్లిపోతాను. ఈలోగా తప్పని రుజువు చేయండి, దిద్దుతాను."

నెడ్ మర్నాడు పనికి వెళ్లలేదు. రుజువు కోసం ఇల్లంతా కొలిచాడు. ప్రతి అరగంటకూ ఫ్రేయా టేపు రెండో కొస పట్టుకుంది. వంటింట్లో హెటీ ఇద్దరికీ టీ ఇచ్చి, ఫ్రేయాకి మాత్రం కేకు పెట్టలేదు.

"అబద్ధాలు రాసేవాళ్లకి కేకు లేదు."

"ఇంకా రాయలేదండీ," అంది ఫ్రేయా.

నెడ్ తన ముక్కలో సగం విరిచి ఆమె సాసరులో పెట్టాడు. హెటీ అది చూసింది.

గురువారం సాయంత్రం నెడ్ పెరట్లో పశువుల కొట్టం గోడ చూస్తున్నాడు. రాళ్ల సందులో ఇరికించిన చిన్న ముక్క కదిలింది. చేతిలోకి తీశాడు. ఒక పక్క చెక్కిన అంచు. కొట్టం తలుపు పైకి చూశాడు. అక్కడి రాయి మీద ఏ చెక్కడమూ లేదు. చుట్టూ ఉన్న సున్నం మిగతా గోడది కాదు, తర్వాత పెట్టింది.

ముక్కను పెరట్లో పారేస్తే ఎవరికీ తెలియదు. నానమ్మకు మొదటి పేజీ దక్కదేమో గానీ పోట్లాడటానికైనా వీలుంటుంది. నెడ్ ఆ ముక్క జేబులో వేసుకుని ఫ్రేయా బస చేసిన పబ్‌కి నడిచాడు.

ఇద్దరూ ఇంటికి వచ్చి, నిచ్చెన ఎక్కి ముక్కను రాయి ఎడమ కొసకు ఆనించారు. సరిగ్గా అతికింది.

"మీరు చెప్పిందే నిజం," అన్నాడు నెడ్. "రాయి కొట్టానిది."

"ఒట్టి కొట్టానిది కాదు, కాపురం ఉన్న ఇంటిది." ఫ్రేయా నిచ్చెన దిగింది. "చర్చి రిజిస్టరులో చూశాను. 1671 నవంబరులో థామస్ ఆల్డర్సన్‌కీ ఎలెన్‌కీ పెళ్లయింది. టి, ఇ వాళ్లే, పైన ఎ ఇంటిపేరు. ఇక్కడివాళ్లు ఇల్లు కట్టిన ఏడు కాదు, పెళ్లయిన ఏడు చెక్కించేవాళ్లు. వాళ్లు కాపురం పెట్టింది ఆ కొట్టంలోనే. తర్వాతివాళ్లు కొత్తిల్లు కట్టి రాయిని ఇటు తెచ్చారు."

హెటీ గుమ్మంలోకి వచ్చి అంతా విన్నది.

"అంటే ఆల్డర్సన్లు పశువుల కొట్టంలో కాపురం చేశారా? పబ్ వాళ్లకి తెలిస్తే ఇంకేమైనా ఉందా?"

"1671 నాటికే ఉందండీ ఆ కొట్టం. పబ్‌కి అంత పాత రుజువు లేదు."

"అయితే మొదటి పేజీ?"

"మీదే."

హెటీ పెరటివైపు చూసింది. "ఒరేయ్ నెడ్, ఫొటోకి ముందు ఆవుల్ని బయటికి తోలు. ఈ అమ్మాయికి కేకు పెడతాను."

శుక్రవారం పొద్దున వాన తెరిపిచ్చింది. కొట్టం ముందు ఫొటో తీయడం అయింది. ఫ్రేయా సంచీ భుజాన వేసుకుంది. బస్సుకు పది నిమిషాలుంది.

"కొట్టం బాగుచేసి ఇల్లు చేద్దామనుకుంటున్నాను," అన్నాడు నెడ్. "ఆవులకి వేరే కడతాను."

"మంచి పని."

"తలుపు మీది రాయి ఖాళీగా ఉంది. పైన ఎ, కింద ఎన్ చెక్కడం నాకు కష్టం కాదు. పక్కన ఎఫ్ చెక్కాలని ఉంది. ఏ ఏడు వేయమంటారు?"

ఫ్రేయా సంచీ దించింది. తలుపు మీది రాయి వంక చూసింది. వీధిలో బస్సు వచ్చింది, నిలబడింది, వెళ్లిపోయింది.

"ఇప్పుడేమీ చెక్కకు," అంది. "జరగని పెళ్లికి ఏడు వేస్తే నేనే తప్పని రాయాల్సి వస్తుంది."

"మరి?"

"ముందు పైకప్పు వెయ్యి. చర్చి రిజిస్టరులో మన పేర్లు ఎక్కాక చెక్కుదువు గానీ. నిచ్చెన నేను పట్టుకుంటాను."