ఎడమ చేతి మీద మూడో మచ్చ

డయాలిసిస్ వార్డు. నాలుగో బెడ్ మీద శవం. ఎడమ చేతికి చుట్టిన గాజుగుడ్డ రక్తంతో తడిసి ముద్దయింది.

టెక్నీషియన్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చనిపోయినాయన బావమరిది ఆమె మీదికి దూకబోయాడు. ఇన్‌స్పెక్టర్ అడ్డంగా నిలబడింది.

"హెపారిన్ ఎక్కించింది మేడం! సూదులు తీశాక రక్తం ఆగితేగా! మా బావను నిలువునా చంపేసింది. బేడీలు వేస్తారా, నన్నే చూసుకోమంటారా?"

"గొంతు తగ్గించు. ఇది నీ ఇంటి వాకిలి కాదు."

ఆమె టెక్నీషియన్ వైపు తిరిగింది.

"రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందేగా హెపారిన్? ఎంత ఇచ్చావు?"

"చుక్క కూడా ఇవ్వలేదు మేడం. నిన్నటి నుంచి జ్వరమన్నారు. చిగుళ్ళలో రక్తం కనిపించింది. సారే వద్దన్నారు."

"వద్దన్నాను," అన్నాడు బెడ్ పక్కనున్న డాక్టర్. "ఇచ్చిందో లేదో నేను చూడలేదు."

టెక్నీషియన్ అతని వంక చూసింది. "ఉద్యోగం పోతే పోనీండి సార్. హంతకురాలిని చెయ్యకండి."

"అబ్బో, ఏం నటన!" బావమరిది మెడ వెనక గోక్కుంటూ అరిచాడు.

ఇన్‌స్పెక్టర్ ల్యాబ్‌కి ఫోన్ చేసింది. మిషన్‌కి కలపకముందు తీసిన రక్తంలోనే, గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు దాదాపు లేవన్నారు.

ఆమె గాజుగుడ్డ విప్పింది.

"డయాలిసిస్‌కి సూదులెన్ని?"

"రెండు మేడం. రక్తం తీసేదొకటి, తిరిగి ఎక్కించేదొకటి."

"ఇవాళ్టివి ఇవిగో. మరి మోచేతి మడతలో ఈ నల్ల పక్కు?"

"పాత సూదిదే అనుకున్నాను."

"నేనూ అంతే," అన్నాడు డాక్టర్.

"సూదులు జంటగా దిగుతాయి. దీని జోడు ఏది?"

డాక్టర్ వంగి చూశాడు. అతని మొహం మాడిపోయింది.

"పిడుదు కుట్టింది. కుక్క ఒంటి మీద రక్తం తాగే పురుగు. అది కుడితే వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కిడ్నీ పేషెంట్లకు దురదా జ్వరమూ మామూలేనని... నేనే పట్టించుకోలేదు."

ఇన్‌స్పెక్టర్ బావమరిదిని అడిగింది. "ఇంట్లో కుక్క ఉందా?"

"నాది. అయితే?"

"పిడుదులు ఎవరు ఏరారు?"

"పోయిన వారం నేనూ బావా కూర్చుని..."

ఆమె అతని కాలర్ వెనక్కి లాగింది. ఒళ్ళు కాలిపోతోంది. జుట్టు కింద నల్లటి పక్కు.

"వచ్చినప్పటి నుంచీ గోక్కుంటూనే ఉన్నావు. నీకీ సూది ఎవరు గుచ్చారు?"

అతను బావ పడుకున్న మంచం అంచు పట్టుకుని కూలబడ్డాడు.

రక్తం తియ్యమని డాక్టర్ టెక్నీషియన్‌కి సైగ చేశాడు. ఆమె కదల్లేదు.

"ఇతని రక్తం నేను తియ్యను సార్. ఇంకెవరినైనా పిలవండి."

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"తొందరగా పిలవండి."