నీడ కోసం తీసిన గెడ

"పక్కకి జరుగు ఫిన్నీ, నీ నీడ దాని మీద పడుతోంది!" అంది ప్రిస్కిల్లా.

తమ్ముడు జరిగాడు. పెరట్లో పాతిన వెదురు గెడ నీడ కొసన ప్రిస్కిల్లా మరో గులకరాయి పెట్టింది. పొద్దుటి నుంచీ ఇదే పని. నీడ పొట్టిదవుతూ వస్తోంది. అది అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడే అసలైన మిట్టమధ్యాహ్నం అని సైన్సు మాస్టారు సత్యప్రసాద్ గారు చెప్పారు. గడియారాలు లేని రోజుల్లో బాబిలోన్‌లోనూ, మన దేశంలోనూ ఇలాగే కర్ర పాతి సూర్యుడి నడక కనిపెట్టారట. ఆ కర్రని మనవాళ్లు శంకువు అన్నారట.

ప్రిస్కిల్లా కళ్లు మూతలు పడ్డాయి. ఎక్కడో బాబిలోన్‌లో ఒక పిల్ల ఒడి నిండా గులకరాళ్లతో ఎండలో కూర్చుని ఉంది. ఆ పిల్లకీ ఒక అల్లరి తమ్ముడు ఉండే ఉంటాడు.

ఇంతలో గాలి లేచింది. పక్కనున్న అరటితోటలో ఆకులు టపటపలాడాయి.

"అయ్యో, చెట్టు ఒరిగిపోతోందర్రా! దీని గెడ ఏమైంది?" తోటలోంచి అమ్మమ్మ జ్ఞానమ్మ కేక వేసింది.

ప్రిస్కిల్లా చటుక్కున కళ్లు తెరిచింది. గెల బరువుకి ఒరగకుండా ఆ చెట్టుకి పోటు పెట్టిన గెడ ఇదే. ఒక్క పూటే కదా అని ఎవరికీ చెప్పకుండా తెచ్చేసింది. ఆ చెట్టు గెలని కోతల పండక్కి చర్చిలో ఇవ్వాలని అమ్మమ్మ కంటికి రెప్పలా చూసుకుంటోంది.

"అక్కా, ఇంకాసేపట్లో మధ్యాహ్నం అయిపోతుంది. ఇప్పుడు తీస్తే ఇంతసేపు చేసిందంతా వేస్టు!" అన్నాడు ఫిన్నీ.

ప్రిస్కిల్లా రాళ్ల వంక చూసింది. ఏడుపొచ్చింది. అయినా గెడ పీకి పరుగెత్తింది.

అమ్మమ్మ భుజం ఆనించి చెట్టుని ఆపుతోంది. ఇద్దరూ కలిసి గెల కింద గెడ పోటు పెట్టారు. చెట్టు నిలబడింది.

"నేనే తీశాను అమ్మమ్మా. తప్పయింది."

"అడిగితే ఏదో ఒకటి చూసిపెట్టేదాన్ని కదే! ఇప్పుడు ఒక్క గెడా మిగల్లేదు, అన్నీ చెట్లకి పెట్టేశాం" అంది అమ్మమ్మ ఆయాసపడుతూ.

వెనక్కి వస్తుంటే ఫిన్నీ గుసగుసలాడాడు. "ఆ చివరి చెట్టుకి చిన్న గెలే ఉంది. దాని గెడ తెద్దామా?"

"వద్దు" అంది ప్రిస్కిల్లా. గెడ పాతిన చోట తనే నిటారుగా నిలబడింది. "ఇప్పుడు నేనే శంకువుని. పాత రాళ్లు తీసేసి, నా తల నీడ దగ్గర కొత్తవి పెట్టు."

నెత్తి మాడుతోంది. ఉలకలేదు, పలకలేదు. ఫిన్నీ ఒక్కో రాయీ ఆమె పాదాలకి దగ్గరగా పెడుతూ వచ్చాడు. ఉన్నట్టుండి ఆగాడు.

"అక్కా! నీడ మళ్లీ పొడుగవుతోంది!"

అంటే మధ్యాహ్నం ఇప్పుడే ఆమె తల మీదుగా దాటిపోయింది. ప్రిస్కిల్లాకి సంతోషం పట్టలేదు.

"అమ్మమ్మా, త్వరగా రా! మధ్యాహ్నాన్ని పట్టుకున్నాం!"